గంధకపు నీళ్ళు

నజిబ్రోలా తల ఎప్పుడూ తడవదు.
ఇరవై రెండేళ్ళుగా తిబిలిసీ స్నానశాలలో
ఒక వీపు తర్వాత ఇంకో వీపు
గరుకు తొడుగుతో రుద్దుతుంది,
నెత్తిన రొట్టెల దుకాణం ప్లాస్టిక్ సంచి
చెవులదాకా బిగించి.

గంధకం రంగును తినేస్తుందట.
కాకినలుపు కాస్తా పదిరోజుల్లో
తుప్పుపట్టిన మేకు.

ఇంట్లో చన్నీళ్ళే, మంచు పడుతున్నా సరే.
వారానికొక్కసారి. చివర్న చెంచాడు వెనిగర్.
దిండుకి నల్ల గలీబు.
పాపిట్లో తెల్లగీత మొలిస్తే
నుదుటి అంచున వాజెలిన్ రాసి
పాత టూత్‌బ్రష్షుతో నేనే అద్దేదాన్ని.
"ముసలి చేతులనుకుంటే
నన్నెవరు పిలుస్తారే?" అనేది.

నిన్న ఆఖరి రోజు.
తాళంచెవులు బల్లమీద పెట్టి
అందరిలాగే డబ్బు కట్టి టికెట్ కొనుక్కుని
ఐదో గదిలో దిగింది.
సంచి విప్పింది.
మునిగింది, తలతో సహా.

ఎంతకీ లేవదేమని వంగి చూద్దును కదా,
నీళ్ళలో పొగలాగా
మొన్న నేను వేసిన రంగు.

పైకొచ్చి, కళ్ళు తుడుచుకుని
"నెత్తికి ఇంత హాయా!
ఒక్కరూ చెప్పలేదే" అంది.

నావైపు వీపు తిప్పింది.