ఊపిరి పట్టండి

పెరంబూరు మిద్దె మీద ఆదివారం ఏడున్నర.
బట్టల తీగకు తెల్ల దుప్పటి, నాలుగు క్లిప్పులు.
ఏసీ గదిలోంచి పైకి తెచ్చేసరికి లెన్సుకు చెమట పట్టింది.
తుడవకూడదక్కా, దానంతటదే ఆరాలి, అన్నాను.
"ఈ ఊళ్లో ఏదన్నా ఆరడం చూశావా?" అంది ఆండాళక్క.

వచ్చే నెలాఖరుకు ఆమె రిటైరు.
రైల్వే ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ముప్ఫై నాలుగేళ్లు.
వీడ్కోలు ఫ్లెక్సీకి ఫొటో కావాలట.
గుర్తింపు కార్డులోది వేశారో ఆ సభకే రానని
జూనియర్లను బెదిరించి వచ్చింది.

స్టూలు మీద కూర్చోబెట్టాను.
ఫ్రిజ్ పెట్టెలోంచి దాచిన థర్మాకోలు అట్టను
పక్కింటి ఇళంగో మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాడు.
గడ్డం కింది నీడ కాస్త కరిగింది.
కెమెరా ఎత్తాను.
ఆమె ఊపిరి బిగబట్టింది.

అలవాటు.
"మూచ్చ పిడింగ... అసైయాదీంగ... విడుంగ."
ఎన్ని వేల ఛాతీలకు చెప్పిందో!
ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే పట్టేసింది,
విడుంగ అనేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది.
నలభై ఫొటోలు, నలభైలోనూ
నీళ్లలో మునగబోయే మనిషి మొహం.

నలభై ఒకటోసారి కాకి వచ్చి
ఎదురింటి వాళ్ల మిరపకాయల చేట మీద వాలింది.
"ఛీ, పో!" అని అరిచింది, అరిచి నవ్వింది.
నొక్కాను.

రాత్రి కంప్యూటరు ముందు ఇద్దరం.
వెలుతురు అరపాయింటు పెంచాను, దుప్పటి మడతలు చెరిపాను.
నెరిసిన పాపిట ముట్టుకోవద్దంది.
కళ్ల కింది నలుపు మాత్రం
"సగం తియ్. మొత్తం తీస్తే మా వార్డు నవ్వుతుంది."

ఎడమ కనుబొమ్మ దగ్గర మౌసు ఆగింది.

అక్కడ వెంట్రుక మొలవని గీత, బియ్యపు గింజంత.
నాకు ఆరేళ్లు, ఆమెకు పదకొండు.
ఓడిపోతున్న క్యారమ్స్ ఆట, నా గుప్పిట్లో స్ట్రైకరు.
చెయ్యి జారిందని చెప్పాను ఇంట్లో.
జారలేదు.

"అది ఉండనీ అక్కా. అదే నువ్వు," అన్నాను,
కొంచెం గొప్పగానే.
"నేను కాదురా, అది నువ్వు," అంది.
"తీసెయ్. నా ఫ్లెక్సీలో నువ్వెందుకు?"

పక్కనున్న చర్మం కొంచెం, కుడి కనుబొమ్మ నుంచి
అరువు తెచ్చిన నాలుగు వెంట్రుకలు.
నలభై తొమ్మిదేళ్లు
రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఫిల్మును వెలుతురుకెత్తి చూసే పద్ధతిలో
తల వెనక్కి వాల్చి, కళ్లు చిట్లించి చూసింది.
"బాగుంది. ఎవరో గానీ బాగుంది," అని
పాలు తోడుపెట్టడానికి లేచి వెళ్లింది.

ఫ్లెక్సీ వాళ్లకు పంపేశాను.
తర్వాత వెనక్కి నొక్కాను, గీత వచ్చింది.
ముందుకు నొక్కాను, పోయింది.
వచ్చింది.
గీత ఉన్నదాన్ని విడిగా దాచుకుందామని
పేరు అడిగే గడి తెరిచి
ఏం రాయాలో తోచక కూర్చున్నాను.

వంటింట్లోంచి కేక:
"ఇంకా కాలేదా? వదలరా, ఇంక!"