వినికిడి పరీక్ష

బడికి డాక్టరమ్మ వచ్చిన రోజు
నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి
"చప్పుడు వినబడితే చెయ్యెత్తు పాపా" అంది.
ఎత్తాను. మళ్ళీ ఎత్తాను. ఎత్తుతూనే ఉన్నాను.
ఆఖరికి ఆవిడకి మిషను మీదే అనుమానం వచ్చి
బుడిపె అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
"ఉయాంగ చెవులు గబ్బిలం చెవులు" అని నవ్వి
కాగితం మీద ముద్ర కొట్టి, ఓ బిళ్ళ చేతిలో పెట్టింది.
ఎక్కడ నేర్చావని అడగలేదు.
అడిగితే చెప్పేదాన్నేమో.
ఊహూఁ, చెప్పేదాన్ని కాదులే.

మాది ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన కొండవాలు,
పట్నం మీది పొగంతా పుట్టే చోటు.
చెక్క దడి, దడిలో ఉన్ని గుడారం,
నడిమధ్య ఇనప పొయ్యి, అంతే.
గుండ్రటి ఇంట్లో దాక్కోవడానికి మూల ఉండదు.
అందుకని దూరం నుంచే వినడం నేర్చుకోవాలి.

ఆఖరి బస్సు మలుపులో ఊపిరి వదిలేది.
అక్కణ్ణించి మా దడి దాకా నాన్న అడుగులు రెండొందల పది.
మంచు మీద కరకర, కరకర, కరకర:
ఇవాళ వేడిగా తింటాం.
కరకర. ఆగడం. ఈడ్పు. కరకర:
గొడ్డలి బొగ్గు బస్తా వెనక్కి,
అమ్మ అద్దం పరుపు కిందకి,
తుగుల్దూర్ కాళ్ళకి బూట్లు,
వాడు నిద్రలో ఉండగానే, ఎడమది కుడికి పోకుండా.
కుక్కకీ తెలుసు. అలాంటి రాత్రి అది మొరగదు.

అమ్మకి ఉన్ని మిల్లులో రాత్రి డ్యూటీ.
తెల్లారి వచ్చి, పగిలినవి చూసి
"పిల్లి పడేసిందా" అనేది.
మాకు పిల్లి లేదు.
అవునమ్మా అనేదాన్ని.

సీసా మూత చిట్లగానే మొదటి చుక్క
ఉంగరం వేలితో ఆకాశానికి చిమ్మేవాడు నాన్న,
రెండోది నేలకి, మూడోది గాలికి.
ఎంత దాహంలోనూ పద్ధతి తప్పేవాడు కాదు.
"అక్కా, ఆకాశం కూడా తాగుతుంది కదా,
అందుకేనా చలికాలమంతా కళ్ళు తెరవదు?"
అని అడిగాడు తమ్ముడు, నాలుగేళ్ళవాడు.

ఆ నాలుగేళ్ళవాడే ఓ మధ్యాహ్నం నీళ్ళ కియోస్కు దగ్గర
క్యానులు పెట్టుకుని అందరం వరసలో నిలబడితే
ఖాళీ సీసా ఒకటి ఏరుకుని
తూలుతూ, నాలుక మడతేస్తూ, ఎవర్నో తిడుతూ
నాన్న ఆట ఆడాడు.
వరసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.
ఎంత బాగా చేశాడంటే,
పడబోయే ముందు నాన్న ఎడమచేత్తో గాలిని పట్టుకుంటాడే,
అది కూడా వదల్లేదు.
ఇంటికొచ్చేదాకా బండి తోస్తూ నేను మాట్లాడలేదు.

తాగని పొద్దుటి సంగతి చెప్పకపోతే తప్పు.
ఉప్పేసిన పాల టీ కాచి, గిన్నెల్లో పోసి
రెండు చేతులతో అందించేవాడు, మేమేదో చుట్టాలమైనట్టు.
మా కళ్ళలోకి చూసేవాడు కాదు.
ఒకసారి చెప్పాడు:
గడ్డిభూముల్లో ఉన్నప్పుడు, చీకట్లో,
ఎదురుగాలైనా సరే,
తప్పిపోయిన గొర్రెపిల్ల అరుపు విని
అది ఏ తల్లి బిడ్డో చెప్పేవాడట.
ఆ ఏటి చలికి మంద మొత్తం నిలుచున్నచోటే గడ్డకట్టాక
ఇక వినడానికేం మిగల్లేదట.
"నీకు నా చెవులొచ్చాయి" అన్నాడు.
గొప్పగానే అన్నాడు,
అవి దేనికి వాడుతున్నానో తెలియక.

ఇప్పుడు నాది ఆరో అంతస్తు. గోడలున్నాయి, మూలలున్నాయి.
నాన్న లేడు. అమ్మకి సరిగా వినబడదు.
మిల్లు మరల రొద వల్లేనట.
నేను అవునంటాను.

నిన్న రాత్రి దక్షిణాన గని క్యాంపు నుంచి తుగుల్దూర్ ఫోన్.
బాగానే ఉన్నానన్నాడు. జీతం పెరిగిందన్నాడు.
బయట మంచు పడుతోందన్నాడు.
మాట. మాట. ఆగడం. ఈడ్పు. మాట.
వంటగదిలో, దీపం వెయ్యకుండా నిలబడి ఉంటే
నా కుడి చెయ్యి దానంతటదే పైకి లేచింది.