మూడో రాత్రి లెక్క

మూడో రాత్రి. ఏడో నంబరు బెడ్డు.
వెంటిలేటరు ఊపిరి పోస్తోంది, తీస్తోంది.
నా చేతిలో అట్ట, అట్టకి కాయితం,
కాయితం నిండా ప్రశ్నలు.

వికారంగా ఉందా?
ఒంటి మీద చీమలు పాకినట్టుందా?
ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు?
గొంతులో గొట్టం ఉన్నవాణ్ణి అడగమంటుంది.
ఏసోబు కళ్లు సీలింగు మీద దేన్నో తరుముతున్నాయి.
ఆ గడిలో ఏం రాయను?
సున్నా వేస్తే అబద్ధం, ఏడు వేస్తే ఊహ.

చేరిన రోజే మార్తమ్మని అడిగాను,
మందు అలవాటుందా అని.
"వాసన కూడా పడదమ్మా ఆయనకి."
కేస్ షీట్లో 'లేదు' అని ఉంది.
నా చేతిరాతే.

మిర్చి యార్డులో మూటలు మోసే మనిషి.
న్యుమోనియా. జ్వరం నూట మూడు.
విప్పిన చొక్కా సంచిలో పెడుతుంటే
తుమ్ములు ఆగలేదు నాకు, ఆయాకి,
ఆఖరికి డ్యూటీ డాక్టరు షరీఫ్‌కి కూడా.
గుంటూరు ఘాటు చెప్పులు విప్పకుండానే
ఐసీయూలోకి వచ్చేసింది.

ఇప్పుడు వణుకుతున్నాడు.
జ్వరమా? రక్తంలోకి పాకిన చీమా? నొప్పా?
ఉన్నట్టుండి ఆగిపోయిన మందా?
నాలుగింటికీ చెమట ఒకటే ఉప్పు.
మానిటర్ మీద గుండె నూట ముప్ఫై,
ఎందుకో చెప్పడం దానికి రాదు.

రెండింటికి మార్తమ్మని లోపలికి పిలిచాను.
మంచానికి కట్టిన చేతులు చూసింది.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
గాల్లో గుచ్చి, లాగి, మళ్లీ గుచ్చి.
'గొట్టం పీక్కోబోతున్నాడు' అని రాసుకున్నాను నేను.
"కుడుతున్నాడమ్మా" అంది.
"దబ్బనం అది. బస్తా మూతి కుడుతున్నాడు."

కాసేపు ఆ వేళ్లనే చూసి
ఎవరూ అడక్కుండానే
"పొద్దున యార్డుకి పోయే ముందు ఒక క్వార్టరు,
మూటలు దించాక ఇంకోటి.
పన్నెండేళ్లు.
ఆ రోజు మా ఆడపడుచు పక్కనే ఉంది" అంది.

షరీఫ్‌ని లేపాను.
ముందు బి వన్ సూది. తర్వాత లోరాజెపామ్,
కొద్దికొద్దిగా, కొలిచి కొలిచి.
పేరు పెట్టి పిలవడం,
కళ్లు తెరుస్తాడా, తెరిచి ఎంతసేపు ఉంచుతాడు,
వేళ్లు ఎంత వేగంగా కుడుతున్నాయి.
ఈ ఆఖరిదానికి కాయితంలో గడి లేదు.
మార్జిన్‌లో రాశాను.

మూడుంబావుకి నిమిషానికి నలభై కుట్లు.
నాలుగింటికి ఇరవై ఆరు.
ఐదింటికి కుట్టుకీ కుట్టుకీ మధ్య ఆగుతున్నాడు,
పురికొస అయిపోయి
ఎవరైనా అందిస్తారేమో అన్నట్టు.

పాత 'లేదు' మీద ఒక్క గీత గీశాను,
కింది అక్షరాలు కనపడేలాగే.
పక్కన సంతకం, టైము.

పొద్దున డ్యూటీకి వచ్చిన నాగూర్‌బీ
కాయితం తిప్పి చూసి
"ఈయనకి ఆపరేషన్ ఎప్పుడైందే, ఇన్ని కుట్లు?" అంది.

నవ్వబోయి బెడ్డు వైపు చూశాను.
వేళ్లు కదలడం లేదు.
నిద్రా? మందు ఎక్కువైందా?
చెప్పే అంకె ఏదీ లేదు నా దగ్గర.
వంగి, చెవి దగ్గర నోరు పెట్టి
యార్డులో కేకేసినట్టే వేశాను.
ఏసోబూ!