ఎనిమిదో దెబ్బ

బ్యాండు పేరు ఫెర్రో సేగో.
మా పోర్చుగీసులో గుడ్డి ఇనుము అనీ అనుకోవచ్చు,
పదును పోయిన ఇనుము అనీ అనుకోవచ్చు.
ముప్ఫై ఏళ్లుగా మేం మొదటిదే అనుకున్నాం.
కొత్త రికార్డు వచ్చిన శుక్రవారం
దెవుజిమార్ రెండోది అన్నాడు.

ఒజ్వానీర్ బారు వంతెన కింద.
పైన గూడ్సు పోతే గ్లాసుల్లో బీరు వణుకుతుంది.
బెలో ఒరిజోంచిలో
ఇనపరాయి ఎక్కని రైలు లేదు,
మా చెవుల్లోకి ఎక్కని ఇనుమూ లేదు.

"పద్నాలుగు నిమిషాల పాటట!
నేను లేచెళ్లి కాఫీ కాచుకొచ్చినా
గిటారింకా గొంతు సవరించుకుంటూనే ఉంది.
పైగా పిల్లనగ్రోవి!
పిల్లనగ్రోవి, వింటున్నారా!"
వేయించిన కసావా ముక్కలు ఎగిరిపడేలా
బల్ల గుద్దాడు దెవుజిమార్.
వాడి జీన్సు కోటు మీద వేలు పెట్టే చోటు లేదు.
అన్ని ప్యాచీలూ వాళ్లమ్మే కుట్టింది,
పుర్రెల కళ్లలో తనకిష్టమైన ఎర్రదారం వేసి.

"వాళ్లు ఎదిగారు," అంది ఇవనేచి,
బడిలో లెక్కలు చెప్పే గొంతుతోనే.
"నువ్వు పదిహేడో ఏట దిగిన స్టాపులోనే నిలబడ్డావు."
"ఎదగడమంటే జోకొట్టడమా?"
"ఒకే గోడకి తలబాదుకోవడమా మరి?"

అదెమీర్ ఎడమచెవి స్పీకర్లకి సమర్పించినవాడు.
కుడిచెవి ముందుకి తిప్పి,
"నెమ్మదించిన చోట నాకు బాసు వినపడింది" అన్నాడు.
"ఆ బ్యాండులో బాసు వాయించేవాడున్నాడని
నాకిప్పుడే తెలిసింది."
మేం నవ్వాం. వాడు నవ్వలేదు.

అప్పుడు ఇవనేచి రెండు వేళ్లతో బల్ల మీద
మొదటి క్యాసెట్టులో మూడో పాట మొదలెట్టింది.
'తుప్పు'.
మా తలలు వాటంతటవే ఊగాయి.
పక్కబల్ల మీది ముసలాయనకీ పల్లవి వచ్చు.
"ఊగండి. ఊగుతూ లెక్కపెట్టండి."

ఒకటి రెండు మూడు నాలుగు
ఐదు ఆరు ఏడు
ఒకటి.

ఇంకోసారి.
ఐదు ఆరు ఏడు
ఒకటి.

ఎనిమిదో దెబ్బ లేదు.
ఎన్నడూ లేదు.
మెడ నరాలు మెలిపడేలా ముప్ఫై ఏళ్లు ఊపాం,
ఒక్కరమైనా
ఆ గుంటలో కాలు పెట్టలేదు.

కౌంటరు వెనక గ్లాసు తుడుస్తూ ఒజ్వానీర్
"ఆ రోజు నేనక్కడే ఉన్నా" అన్నాడు.
"డ్రమ్ము కర్ర విరిగింది, ఒక దెబ్బ తప్పింది.
మళ్లీ వాయిద్దామంటే
గది అద్దెకి చిల్లిగవ్వ లేదు.
ఆ తప్పునే కంఠతా పట్టి
ఊరూరా వాయించారు."

ఒక గూడ్సు మొత్తం దాటేదాకా
దెవుజిమార్ మాట్లాడలేదు.
అది పొడుగాటి గూడ్సు.
తర్వాత అన్నాడు:
"అది డబ్బుల్లేక.
ఇది డబ్బులుండి."

ఇవనేచి నోరు తెరిచి మూసేసింది.
కసావా చల్లారిపోయింది.

నేనే పక్షమూ మాట్లాడలేదు.
నేను ఆఖరి బస్సు తోలేవాణ్ణి.
ప్రయాణికులందరూ దిగాక,
ఖాళీ బస్సులో, శ్మశానం స్టాపు దగ్గర
ఆ పాట పెడితే
డిపో గేటు దగ్గర అయిపోతుంది.
సరిగ్గా కొండ మలుపులో
పిల్లనగ్రోవి వస్తుంది.
మొదటి రాత్రి నచ్చలేదు.
నాలుగో రాత్రి దానికోసం బస్సు నెమ్మది చేశాను.
దాన్ని నచ్చడమంటారో లేదో తెలీదు.
బిల్లు పంచుకునేటప్పుడు
దెవుజిమార్‌కి ఈ మాట చెప్పాను.
వాడు చిల్లర లెక్కపెట్టుకుని
మోటారుసైకిలు కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

సోమవారం రాత్రి
'డిపోకి' అన్న బోర్డు చూసి కూడా
ఎవరో చెయ్యెత్తారు.
కోటు లేదు. వానకి తడిసిన చొక్కా.
కోటు లేకపోతే వాడింత సన్నంగా ఉంటాడనుకోలేదు.
పలకరించకుండా
ఆఖరి సీటుదాకా నడిచి కూర్చున్నాడు.

మలుపు దగ్గర
అద్దంలో చూడకూడదనుకున్నాను.
చూశాను.
రెండు చేతులూ తలకి ఇటూ అటూ ఉన్నాయి.
చెవులు మూసుకున్నాడో
తల పట్టుకున్నాడో
ఆ చీకట్లో తెలియలేదు.