బోలు గోడ

జ్ఞానాపురంలో వలలమ్మే కొట్టు మీద గది.
ఆదివారం మూడున్నర. కింద నైలాన్ వాసన,
పైన నలుగురం, ఒక చాప, ఒక నేలమాళిగ.
నేలమాళిగ నా నోట్‌బుక్కులో ఉంది.
గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో తవ్వాను మూడు వారాలు,
పోర్టు షెడ్డులో బస్తాల లెక్క రాస్తూ,
ఒక లారీ వెళ్ళి ఇంకో లారీ వచ్చేలోపు.

"గది వెతుకుతాను" అంటాడు శౌరి.
అప్పటికే గుప్పిట్లో పాచిక ఆడుతోంది.
వాడే పోతపోశాడు దాన్ని, ఫౌండ్రీలో మిగిలిన ఇత్తడితో.
ఇరవై ముఖాలు, ఏడు వైపు కాస్త బరువు.
అందరికీ తెలుసు. ఎవరం మార్చమనం.

ఆగు, అంటాను. వెతుకుతానంటే సరిపోదు.
చెయ్యి ఎక్కడ పెడుతున్నావో చెప్పు.
మంచం కిందా, దూలం మీదా,
గోడకి ఆనించిన ఆ తిరగలి రాతి వెనకా?
పాచిక తరవాత.

మొదట్లో నాకూ తెలీదు.
ఒకసారి తాళంచెవిని అంకె వెనక దాచేశాను,
పదిహేను దాటితేనే దొరుకుతుందని.
ముగ్గురికీ దాటలేదు.
కథ గుమ్మంలోనే కూలబడింది,
జరీనా తెచ్చిన బజ్జీలు చల్లారిపోయాయి.
పదింటిదాకా మూసిన తలుపు ముందు కూర్చున్నాం.
దేవతని నేనే, తాళం నా దగ్గరే,
ఇవ్వడానికి మొహమాటం.

అప్పట్నించి
దారికి కావలసినదాన్ని పాచిక చేతికివ్వను.
దాన్ని అడగాల్సింది వేరే:
ఎంతసేపు పట్టింది, దివిటీ ఎంత కాలింది,
నువ్వు రాయి జరిపిన చప్పుడు ఎవరు విన్నారు.

ఇంకోటి. "ఏమీ లేదు" అనను.
"నీకేమీ కనపడలేదు" అంటాను.
ఆ రెంటి మధ్య సందులోనే
నా కొలువంతా.

జరీనా తొందరగా పట్టేసింది.
కేజీహెచ్‌లో నర్సు, పసిపిల్లల చేతుల్లో
కనపడని నరాన్ని వేలికొసతో వింటుంది.
"చెంప ఆనిస్తాను గోడకి. గాలి ఎక్కడ చల్లగా ఉంది?"
ఇలా అడిగితే పాచికతో పనేముంది,
చెప్పేశాను.

ఇక పైడిరాజు.
వాల్తేరు లైన్లో కీమేన్. తెల్లారకుండానే
సుత్తి భుజానేసుకుని పట్టాల వెంట నడక.
ఆటలో దొంగ. పాచికకీ వాడికీ ఎప్పుడూ పడదు.
మొన్న రాతి గోడ ముందు ఆగి
"నాను ఎతకనప్పా, కొడతాను" అన్నాడు.
దేంతో?
"కత్తి పిడితోటి. మెల్లగ. మోకాలెత్తు కాడ్నించి.
మంచి పట్టా గంటనాగ మోగుతాది.
బీటడ్డది దగ్గుతాది."

చూపిస్తానని, చాప పక్కనున్న మా గది గోడ మీదే
వేలి కణుపుతో కొట్టాడు.
టక్. టక్. టక్.
టొక్.
ఒకప్పటి కిటికీని పూడ్చేశారేమో అక్కడ.
నాలుగేళ్ళుగా ఆ గోడకే వీపానించి కూర్చుంటున్నాను నేను.

అలవాటు కొద్దీ, వెయ్యి, అన్నాను.
మూడు పడింది.
శౌరి కళ్ళు మూసుకున్నాడు.
పైడిరాజు మాత్రం మెడ గోక్కున్నాడంతే,
జీతంలో కోత చూసుకున్నవాడిలా.

నా పుస్తకంలో ఆ గోడకి తలుపే లేదు.
ఎదురుగోడకుంది, మూడు వారాల తవ్వకమంతా దాని వెనక.

"దొరికింది" అన్నాను. "బోలు అక్కడే.
కానీ నువ్వు చెయ్యి తియ్యకముందే
అవతలి నుంచి ఎవరో తిరిగి కొట్టారు.
మూడు సార్లు. మోకాలెత్తులో."

హార్బర్లో ఏదో ఓడ కూతేసింది.
జరీనా చాప మీద కాస్త ఇటు జరిగింది,
ఆటలోని గోడకి కాదు,
మా గది గోడకి దూరంగా.

తలుపుని ఈ గోడకి మార్చాలి.
రబ్బరు కనపడదు. సంచిలో చూశాను,
నోట్‌బుక్కు ఎత్తి చూశాను, మళ్ళీ సంచిలో.

"ఎతుకుతానంటే సరిపోదప్పా" అన్నాడు పైడిరాజు.
"సెయ్యెక్కడ పెడతన్నావో సెప్పాల."