పెన్సిల్ రాత

మూడో నంబరు గదిలో నా బల్ల మీద
చెక్కి పెట్టిన పెన్సిళ్లు ఏడు, అరిగిన రబ్బరు ఒకటి.
తలుపు మీద పలక: తోవా లోర్, కౌన్సెలర్.
పెన్నుతో ఎవరి చదువూ రాయను నేను.

ఎనిమిదింబావుకి వచ్చింది ఎవుసేబియా,
టమాటా క్యానరీలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా.
జుట్టుకి వల ఇంకా అలాగే ఉంది.
కుర్చీ లాక్కోకముందే అడిగింది:
"మట్టి గురించి చదవాలి. యూనివర్సిటీలో. ఎంతకాలం?"

ఎంతకాలం అన్నది చివర్న తేలే లెక్క.
ముందు గళ్లు గీశాను, సెమిస్టర్‌కి ఒకటి.
అరవై యూనిట్లు పోగవ్వాలి.
పోగైతే చాలదు, అవతలివాళ్లు ఒప్పుకోవాలి.
ఇక్కడ చెల్లే నాణెం అక్కడ చెల్లకపోతే
జేబుకి బరువే.

కెమిస్ట్రీ కావాలంటే ఆల్జీబ్రా అయి ఉండాలి.
రెండో కెమిస్ట్రీకి మొదటిది.
ఆర్గానిక్‌కి ఆ రెండూ.
ఆర్గానిక్ మా దగ్గర వసంతంలో మాత్రమే,
మంగళ గురువారాల్లో, మధ్యాహ్నం ఒంటిగంటకి,
పన్నెండుమంది చేరితేనే.

"ఒంటిగంటకి నేను నిద్రలో ఉంటాను," అంది.
ఫిర్యాదు కాదు. బస్సు వేళ చెప్పినట్టు చెప్పింది.
ఆ రెండు రోజుల నిద్రని
ఇద్దరం కలిసి సాయంత్రానికి జరిపాం.

జూలై నుంచి అక్టోబర్ దాకా లారీలు ఆగవట.
వారానికి ఆరు రాత్రులు, పన్నెండేసి గంటలు.
కాబట్టి ఆ గడిలో ఒకే కోర్సు, అదీ తేలికది.
"తేలికది అంటే?"
"వ్యాసాలు రాసేది."
నవ్వింది. "అయితే నా స్పెల్లింగ్ మీరు చూడలేదు."

రబ్బరు పెట్టాను. మళ్లీ గీశాను.
చెరిపిన చోట కాగితం పలచబడి
కింద బల్ల రంగు కనిపిస్తోంది.

పాత మార్కుల కాగితం తీసి ఇచ్చింది.
పదిహేడేళ్ల కిందటిది. మూడే కోర్సులు.
ఒకటి సగంలో మానేసింది. ఒకటి టైపింగు.
మూడోది కుండల తయారీ, ఏ గ్రేడు.
"ఇది అక్కడ చెల్లదు," అన్నాను.
రోజుకి పదిసార్లు అనే మాట,
నాలుకకి ఇంకా అలవాటు కాలేదు.
నాకూ ఒకప్పుడు ఒక స్టాటిస్టిక్స్ చెల్లలేదు.
పేరు అదే, నంబరు వేరు.
ఆ ఏడాదంతా బాదం తోటల్లో
చెట్లని కుదిపే యంత్రం నడిపాను.
కాయలు రాలుతుంటే
ప్రతి చెట్టుకీ ఆ నంబరు అప్పజెప్పాను.

ఆమె ఆ గ్రేడు మీద వేలు పెట్టింది.
"తడిపితే మట్టి ఎందుకు మాట వింటుందని
అప్పుడు అడిగాను. ఆ టీచరుకి తెలీదు.
అందుకే వచ్చాను."

ఏమనాలో తోచక
ఫిజిక్స్ గడి నింపాను.

లెక్క తేలింది. మూడున్నరేళ్లు.
వేళ్లు మడిచింది, ఏళ్లకి కాదు:
"నాలుగు టమాటా సీజన్లు."
కాగితం మడిచి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని
ఎనిమిదీ యాభై బస్సుకి లేచింది.

తర్వాతి కుర్రాడికి నర్సింగ్ కావాలట.
ఎవుసేబియా కాపీ పక్కకి జరుపుతుంటే కనబడింది:
ఫిజిక్స్‌కి ముందు కాల్క్యులస్ పెట్టలేదు నేను.
పదహారేళ్ల అనుభవం!
కుర్రాణ్ణి కూర్చోమని పరిగెత్తాను,
పార్కింగ్ దాటి, స్ప్రింక్లర్ల తడిలోంచి.
అప్పటికే బస్సు మెట్టు మీద ఉంది.
"కాల్క్యులస్," అన్నాను, ఊపిరి అందక.
డబ్బా తెరిచి కాగితం విప్పింది.
ఆ రెండు గళ్ల మధ్యలో ఇరికించి
కాల్క్యులస్, దానికో బాణం, నీలం పెన్నుతో.
"మీ వెనకాల గోడ మీదే రాసుంది కదా, మిస్టర్ లోర్."
డ్రైవరు హారన్ కొట్టాడు.
కాగితం అడుగున, గళ్లకి బయట,
కుండలు, ఏ గ్రేడు.
అదీ పెన్నుతోనే.

ప్యాంటు తడిసి తిరిగొచ్చేసరికి
కుర్రాడు నా పెన్సిల్ ఒకటి చెక్కుతున్నాడు,
చెక్కి ఉన్నదాన్నే.