జెరేనియంకి నీళ్లు

వియన్నా స్టేషన్లో మెట్ల కింద
నా రాజ్యం. పదకొండు తలుపులు, ఒక పళ్లెం.
పొద్దున్నే పళ్లెంలో రెండు నాణేలు నేనే వేసుకుంటాను,
డబ్బే గదా డబ్బును పిలిచేది.

ముఖాలు చూడను.
ఇక్కడికి వచ్చేవాళ్లకి ముఖం బరువు.
ఎవరిది ఏ దేశమో వాళ్లు వెళ్లాకే నాకు తెలిసేది.

సీటు మీద రెండు బూటు ముద్రలు:
నేల మీద గొంతుక్కూర్చునే ఊరి మనిషి,
ఈ తెల్ల కుర్చీని నమ్మలేకపోయింది.
తలుపు వెనక ఖాళీ నీళ్ల సీసా నిలబడి ఉంటే
కాగితంతో ఆ ప్రాణం ఒప్పుకోలేదన్నమాట.
వాడిన కాగితం నీళ్లలో పడెయ్యకుండా
మడిచి, మూల బుట్టలో దాచినామెది
సన్న గొట్టాల దేశం. ఏథెన్సో, లిమానో.

ఒకమ్మాయి లోపల కూర్చుని
నీళ్లు వదిలింది, మళ్లీ వదిలింది, మళ్లీ.
ఏమైందోనని తలుపు తట్టాను.
బయటికొచ్చి, ఎర్రబడి, గాల్లో వేళ్లతో ఏరు గీసి చూపించింది.
వాళ్ల ఒసాకాలో గోడకి మీట ఉంటుందట,
నొక్కితే ఏటి చప్పుడట,
పక్క గదికి మన చప్పుడు పోకుండా.
నవ్వాను.

నవ్వకూడదు నేను.
రోడోపి కొండల్లో మా అమ్మమ్మ మరుగుదొడ్డికి
నాలుగు చెక్కలు, నేలలో ఓ కంత,
మేకుకి గుచ్చిన పాత పేపరు ముక్కలు.
మంత్రిగారి ప్రసంగం సగం చదివేవాళ్లం,
మిగతా సగం చదవకుండానే వాడేసేవాళ్లం.
పందొమ్మిదేళ్లకి ఈ ఊరి ఆసుపత్రిలో తుడుపు పనికి చేరి
మొదటిరోజు నీళ్లెలా వదలాలో తెలియక
గోడనున్న ఎర్ర తాడు లాగాను.
ఇద్దరు నర్సులు పరిగెత్తుకొచ్చారు.

పోయిన నవంబర్లో
పూల రుమాలు కట్టుకున్న ముసలామె ఒకావిడ
ఇట్టే లోపలికెళ్లి అట్టే బయటికొచ్చింది.
అరచెయ్యి దొప్పలా చేసి వంచి చూపింది.
సింకు చూపించాను. తల అడ్డంగా ఊపింది.
ఆ చూపు నాకు తెలుసు,
ఎర్ర తాడు చేతిలో పట్టుకుని నిలబడ్డ పిల్లది అది.

నా బల్ల మీద జెరేనియం కుండీ,
దాని పక్కన ఆకుపచ్చ నీళ్లడబ్బా, పొడుగు కొమ్ముది.
గోరువెచ్చటి నీళ్లు పట్టి ఇచ్చాను.

తిరిగొచ్చి, డబ్బా కడిగి, తన కొంగుతో తుడిచి,
గుండె మీద చెయ్యేసుకుని "మవ్జుదా" అంది.
"జివ్కా" అన్నాను.
పళ్లెంలో నాణెం వెయ్యలేదు,
మూడు ఎండు ఆప్రికాట్లు పెట్టి వెళ్లింది.

ఆనాటినుంచి డబ్బా కాపురం మూడో తలుపు లోపల.

సూపర్‌వైజర్ ప్లాట్నర్ స్టిక్కర్లు తెచ్చాడు:
సీటెక్కి గొంతుక్కూర్చున్న బొమ్మ మనిషి, అడ్డంగా ఎర్ర గీత.
బొమ్మకి ముఖం లేదు.
గీత మాత్రం సరిగ్గా అమ్మమ్మ నడుం మీదుగా పోయింది.
అన్ని తలుపులకీ నేనే అంటించాను, ఉద్యోగం కదా.

"మరి ఈ డబ్బా ఏంటి?"
మొక్కకి నీళ్లు, అన్నాను.
"మొక్క బల్ల మీద, డబ్బా ఇక్కడా?"
మర్నాటికి మొక్కని కూడా మూడో తలుపులోకి మార్చాను.

అక్కడ ఎండ రాదు. ఆకులు పసుపెక్కి రాలాయి.
ఇప్పుడున్నది నాలుగో జెరేనియం.
"నీ చేతికి చలవ లేదు జివ్కా,
ఏ మొక్కా బతకదు," అంటాడు ప్లాట్నర్ జాలిగా.
అవునంటాను.

డబ్బాలో నీళ్లు మాత్రం
మధ్యాహ్నానికే అయిపోతుంటాయి.